ఎత్వం తీసి గుడి పెట్టినారు

మా అక్కను ఇచ్చిన ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు ఫోను చేసి "ఏమప్పా పెద్దాయనా, మా ఊరి పరువు తీసినావే" అంటారు. వాళ్ళతో వాదించే ఓపిక నాకుంది, వినే ఓపిక వాళ్ళకుండదు. బత్తలపల్లె దాటి, ధర్మవరం పోయే రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఊళ్ళలో అదొకటి. పేరు చివర 'పల్లె' అని ఉంటుంది. ఈ కథకు ఆ చివరి ముక్క చాలు. నిజానికి అంత కూడా అక్కర్లేదు, ఆఖరి అక్షరం నెత్తిన ఉన్న గుర్తు ఒక్కటి చాలు. లకారానికి ఎత్వం పెడితే 'లె', గుడి పెడితే 'లి'. పలక పట్టిన ప్రతివాడూ నేర్చుకున్నదే. నేర్చుకుని మరిచిపోయినవాళ్ళే పెద్ద ఆఫీసుల్లో కూర్చుంటారని తర్వాత తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. వానలు మొహం చాటేశాయి. శనక్కాయ విత్తనం వేసినవాడు వేసిన చోటే దాన్ని మరిచిపోయాడు. బోర్లలో నీళ్ళకు బదులు గాలి వస్తుండేది. తాగే నీళ్ళకు ట్యాంకర్లే దిక్కు. అంతకుముందు ట్యాంకరు కావాలంటే సర్పంచి పోయి ఆఫీసులో నాలుగు కేకలు వేసేవాడు, వాళ్ళు నాలుగు మాటలు అనేవాళ్ళు, సాయంత్రానికి బండి వచ్చేది. మర్యాద లేకపోయినా మనుషుల మధ్య పని. ఆ ఏడాది పై ఆఫీసులో ఎవరికో కంప్యూటరు మీద ప్రేమ పుట్టింది. నీళ్ళకోసం ఇంటర్నెట్లో ఒక పేజీ పెట్టారు. ఏ ఊరివాళ్ళు ఆ పేజీలో తమ ఊరి పేరు కొట్టి అడుగుతారో ఆ ఊరికి మరునాడు ట్యాంకరు. కరెంటే సరిగా లేని ఊళ్ళకు ఈ ఏర్పాటు! దాహమేసినవాడు బస్సెక్కి అనంతపురం వచ్చి, నెట్ సెంటర్లో కూర్చుని, దాహమేస్తోందని టైపు చేయాలి.

నేను ఆ అనంతపురంలోనే టైపు ఇన్‌స్టిట్యూటు నడిపినవాణ్ణి. కంప్యూటర్లు వచ్చాక నా మిషన్లన్నీ పాత ఇనుముకు పోయాయి. వాటితో పాటు నన్నూ తూకం వేస్తారేమోనని, జుట్టు నెరిసిన తర్వాత కూర్చుని కంప్యూటరుకు రాసే భాషలు నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. బెంగుళూరు ఫుట్‌పాతుల మీద అట్టలు చిరిగిన లావు పుస్తకాలు దొరికేవి, అవే నాకు అయ్యవార్లు. అసలు అయ్యవారి సంగతి వేరే ఉంది. ఐదో తరగతిలో వ్యాసం రాయమన్నాడు. 'మా ఊర్లో బాయి ఉండాది' అని రాశాను. ఆయన ఆ వాక్యాన్ని క్లాసంతటికీ మూడు రాగాల్లో చదివి వినిపించాడు. పిల్లలు నవ్వి నవ్వి అలిసిపోయాక నా అరచెయ్యి తిప్పించి, "సరిగా రాయరా, ఉంది అని రాయి" అంటూ బెత్తం ఆడించాడు. ఆయన ఊర్లో బావి ఉంది. మా ఊర్లో బాయి ఉండాది. రెండూ నిజమే కదా! మరునాడు బడికి పోలేదు. నాయన ఏమీ అడగలేదు, గొర్రెలు అప్పగించాడు. ఆ అయ్యవారు చచ్చి ఎన్నేళ్ళయిందో తెలియదు, నా కోపం మాత్రం ఇంకా బతికే ఉంది.

ఆ కరువులో ఒకరోజు మా అక్క నా ఇంటికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ బిందె ఉంది. ఊరినుంచి పట్నానికి ఖాళీ బిందె ఎత్తుకుని రావడమేమిటని అడిగాను.

"అట్లే వచ్చేస్తిరా. నీళ్ళకని బయల్దేరి, నీళ్ళు లేక బస్సెక్కితి" అంది.

"ఏమైందక్కా?"

"పక్క పురానికి ట్యాంకరొచ్చిందంటే పోతి. వరసలో నిలబడితి. నా వంతు వచ్చేసరికి ఒగ బిడ్డ, నా మనవరాలంత ఉంటాది, నా బిందె తీసి పక్కన పెట్టింది. 'అవ్వా, ఇవి మా పురం నీళ్ళు, మీ పల్లెవి మీరు తెచ్చుకోండి' అనె."

"నువ్వేమంటివి?"

"ఏమంటాను? తిట్టేదానికైనా నోట్లో తడి ఉండల్ల గదా."

పక్క ఊరు పేరు చివర 'పురం' అని ఉంటుంది. అక్క కోడలి పుట్టిల్లు ఆ ఊర్లోనే. పురానికి రెండు రోజులకొకసారి ట్యాంకరు వస్తోంది, పల్లెకు నెలగా చుక్క లేదు. ఎందుకు రాదని అడిగితే, ఓట్లు వెయ్యలేదని కక్ష కట్టారని ఊర్లో అంటున్నారట. పురం పెద్దమనిషి ఆఫీసులో చెప్పి ఆపించాడని ఇంకొందరు అంటున్నారట.

"శుక్రవారం దారికడ్డం రాళ్ళు పెట్టి పురం ట్యాంకరు నిలుపుతారంట" అంది అక్క, గొంతు తగ్గించి. "నా కొడుకు గూడా వాళ్ళలో ఉండాడు. ఆ పక్కన వాని బావమర్దులు ఉంటారు. రాళ్ళు దారిమీదనే ఉంటాయా, చేతుల్లోకి రావా? నువ్వేమన్నా చెయ్యరా. నీకు ఆ కంప్యూటర్ల ఇది తెలుసు గదా."

ఆ 'ఇది' అన్న మాట ఎంత మర్యాదగా అందో! నా పదేళ్ళ చదువుకు మా ఇంట్లో దొరికిన బిరుదు అదొక్కటే.

బస్టాండు దగ్గర నెట్ సెంటరుకు పోయాను. దాన్ని నడిపే భాయి ఒకప్పుడు నా దగ్గర టైపు నేర్చుకున్నవాడు. ఆ సంగతి ఎత్తితే గంటకింత అని తీసుకునేదాంట్లో తగ్గించాల్సి వస్తుందని ఎత్తనివ్వడు.

"మీ అక్కోళ్ళ ఊరిది రోజూ చూస్తానే ఉండా పెద్దాయనా" అన్నాడు. "పంచాయితీ మనిషి వస్తాడు, ఊరి పేరు కొడతాడు, ఎర్ర డబ్బాలొస్తాయి, తిట్టుకుంటా పోతాడు. పురమోళ్ళు కొడితే పచ్చ డబ్బాలొస్తాయి."

డబ్బాలంటే ఏమిటో చెప్పాలి. భాయి మిషన్లు పాతవి, వాటికి తెలుగు రాదు. తెలుగు అక్షరం ఉండాల్సిన చోటల్లా ఒక ఖాళీ చదరం కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో ఊరి పేరు కొడితే ఆ పేజీ దాన్ని తెలుగులోకి మార్చుకుంటుంది, కాని మనకు కనిపించేది డబ్బాలే. జవాబూ డబ్బాలే. జిల్లా ప్రజలందరూ ఏం రాసుందో తెలియకుండా రంగు చూసి బతుకుతున్నారు. పచ్చ అయితే నీళ్ళు, ఎరుపు అయితే లేవు. దీన్ని తయారుచేసినవాడికి జీతం కూడా ఇచ్చి ఉంటారు!

భాయిని ఆ పేజీ తెరవమని, అక్క ఊరి పేరు కొట్టాను. ఎర్ర డబ్బాలు. భాయి "చూసినావా" అన్నట్టు చేతులు తిప్పాడు. నేను డబ్బాల వైపు చూడలేదు. పైన, పేజీ చిరునామా కనిపించే పట్టీ వైపు చూశాను. మామూలుగా చిన్నగా ఉండే చిరునామా, పేరు కొట్టగానే చాంతాడంత అయింది. అంతా శాతం గుర్తులే. %E0%B0 అంటూ మొదలై పట్టీ దాటిపోయింది.

"అది చెత్త పెద్దాయనా, ఎవరూ చూడరు" అన్నాడు భాయి.

"ఎవరూ చూడరనే ఆడ దాచిపెట్టినారు" అన్నాను.

దాచిపెట్టారని అనడం నా కోపం. నిజానికి అది వెబ్ చిరునామాలు రాసే పద్ధతి. చిరునామాలో ప్రశ్న గుర్తు వస్తే, దానికి ముందున్నది ఇల్లు, తర్వాత ఉన్నది ఆ ఇంటి వాకిట్లో నిలబడి మనం అడిగిన మాట. ఆ మాట ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ముక్కకూ ముక్కకూ మధ్య & గుర్తు. ఒక్కో ముక్కలో సమానం గుర్తుకు ఎడమవైపు ఉన్నది గంప పేరైతే, కుడివైపు ఉన్నది గంపలో సరుకు. ఇంగ్లీషు అక్షరాలైతే ఆ సరుకు అట్లే కనిపిస్తుంది. తెలుగు అక్షరాలు అట్లా పోలేవు. వాటిని అంకెలుగా పొడి చేసి, ఒక్కో అంకె ముందర ఒక్కో శాతం గుర్తు గుచ్చి పంపుతారు. ఇంగ్లీషుకు రాజమార్గం, మన భాషకు పొడి అయి పోవడం! ఆ సంగతి చదివిన నాడే ఆ పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. తర్వాత ఏరుకొచ్చి మిగతాది చదివాను, అది వేరే మాట.

నోట్‌ప్యాడు తెరిచి కోడు రాయడానికి కూర్చున్నాను. ప్రశ్న గుర్తు దగ్గర కొయ్యి, & దగ్గర కొయ్యి, సమానం దగ్గర కొయ్యి. గొర్రెలను దొడ్డినుంచి ఒక్కొక్కటే బయటికి వదిలినట్టు శాతం గుర్తులను ఒక్కొక్కటే లెక్కించి అంకె చెయ్యి. మొదట ఒక్కో శాతం గుర్తుకూ ఒక్కో అక్షరం అనుకున్నాను, అడ్డదిడ్డంగా వచ్చింది. మూడు శాతాలు కలిస్తేగాని ఒక తెలుగు అక్షరం కాదని తర్వాత గుర్తొచ్చింది. ఇంకో చిక్కు, కోడు తెలుగు అక్షరాన్ని బయటికి తీసినా ఆ మిషను దాన్ని మళ్ళీ డబ్బా చేసి చూపిస్తుంది. అందుకని అక్షరం బదులు అక్షరం పేరును ఇంగ్లీషు లిపిలో చూపించమని రాశాను.

భాయి నా భుజం మీదుగా తొంగిచూస్తున్నాడు. చిరునామా అతికించి మీట నొక్కాను. రెండు గంపలు బయటపడ్డాయి. మొదటిది మేము అడిగిన పేరు. రెండోది వాళ్ళ దగ్గరున్న పేర్లలో దానికి దగ్గరి పేరు. 'మీరు అడిగింది లేదు, దీన్ని అడగదలిచారా' అని చెప్పడానికి ఆ పేజీయే దాన్ని పట్టుకుని తిరుగుతోంది. డబ్బాల వల్ల ఎవరికీ కనిపించలేదు. రెండు పేర్లూ అక్షరం అక్షరం ఒకటే. పకారం, లకారం, పొల్లు, లకారం. చివర్లో మాత్రం తేడా. మేము అడిగినదాంట్లో %E0%B1%86. వాళ్ళ దగ్గరున్నదాంట్లో %E0%B0%BF. నా కోడు ఒకదాని పక్కన ఎత్వం అని, ఇంకోదాని పక్కన గుడి అని చూపించింది.

భాయి చివరి మాట చదివాడు. "గుడి ఏంది పెద్దాయనా? మీ అక్కోళ్ళ ఊరి గుడికీ నీళ్ళకీ ఏంటికి లంకె పెట్టినారు?"

అంతలో పంచాయితీ మనిషి ఎప్పటిలాగే వచ్చాడు. నేను చిరునామా కాగితం మీద దింపుకుంటూ ఉండగా వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. పట్టించుకోకపోవడం నా ఖర్మ.

మరునాడు అక్క ఊరికి పోతే రచ్చకట్ట దగ్గర జనం. ఆ ఊర్లో అమ్మవారి గుడి ఒకటి గోడల వరకూ లేచి, పైకప్పు లేకుండా ఏళ్ళుగా నిలిచిపోయింది. దాని గురించే వాదన. కంప్యూటర్లో తేలిందట, గుడి అడ్డం రాబట్టే నీళ్ళు ఆగాయట.

"నేను అప్పుడే చెప్తిని గదరా, గుడి సగంలో నిలిపేది మంచిది కాదని" అంది అక్క నన్ను చూసి.

"అది ఆ గుడి కాదక్కా!" అని అరిచాను. బొగ్గుముక్క తీసుకుని గోడమీద పెద్దగా 'లె' రాశాను, పక్కన 'లి' రాశాను. "ఇది ఎత్వం, ఇది గుడి. మన ఊరు పల్లె. ఆఫీసోళ్ళు పల్లి అని రాసుకున్నారు. మనం పల్లె అని అడుగుతాంటే అట్లాంటి ఊరే లేదంటాండాది. పురాలకు ఈ తంటా లేదు, అందుకే వాళ్ళకొస్తాండాయి. మన పక్క పల్లెలన్నీ ఎండుతాండేది ఇందుకే. పురమోళ్ళు ఏమీ చెయ్యలేదు."

రాళ్ళు పెడతామన్న కుర్రాళ్ళు మొహాలు చూసుకున్నారు. గొర్రెలు కాసే ముసలాయన ఒకడు గోడను చాలాసేపు చూసి, "అంటే గుడి లేక నీళ్ళు రాలేదా, గుడి ఉండి రాలేదా?" అన్నాడు.

"ఆఫీసోళ్ళే మనకు ఊరకే గుడి కట్టి పెట్టినారు మామా" అన్నాడు అక్క కొడుకు. "మనకు చేత కాలేదని." జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ నవ్వినవాళ్ళే, "ఎట్లైనా శుక్రవారం లోపల తేలకపోతే బండి నిలిపేది నిలిపేదే. వాళ్ళ కంప్యూటర్లో ఏ గుర్తుంటే మాకేమి" అన్నారు కూడా.

ఆఫీసుకు పోయాను. ఆ పేజీ వ్యవహారం చూసే మనిషి కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. వయసులో చిన్నవాడే. కూర్చోమన్నాడు, నీళ్ళు తాగుతారా అని కూడా అడిగాడు. ఆ మాట అడగడానికి ఆ ఆఫీసులో అతనికి సిగ్గనిపించలేదు. నా కాగితం అతని ముందు పరిచి, రెండు చిరునామా ముక్కలూ చూపించి, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పాను.

"ఓహో, భలే పట్టారండి" అని టీ గుక్క వేశాడు. "అదేం లేదు పెద్దాయన గారూ. పల్లె అనేది వాడుక మాటండి. రాసేటప్పుడు పల్లి అనే రాయాలి. డేటా అంతా పైన ఎక్కించారు కదా, అన్నీ ఒకే తీరుగా ఉండాలని సరిచేశారు."

సరిచేశారు. నా అరచెయ్యి మంటెత్తింది.

"బత్తలపల్లెలో బస్సు దిగేటప్పుడు కండక్టరు ఏమని అరిచినాడో ఇన్నావా?" అన్నాను.

"నేను కార్లో వచ్చానండి."

"మా ఊరి పేరు మాకు తెలీదా? మా తాతలు నోరు తిరక్క పల్లె అనినారనుకుంటివా?"

"అయ్యో, అలా ఎందుకనుకుంటానండీ. ఒక్క అక్షరం కదా. పల్లి అని కొట్టండి, రేపే బండి వస్తుంది. మార్చాలంటే నా చేతిలో లేదు, పైకి రాయాలి. ఎప్పటికి తేలుతుందో ఏమో."

"రాయి."

"రాస్తానండి."

రాయడని అతని మొహమే చెప్పింది. పోట్లాడదామంటే ఎదుటివాడు కోపం తెచ్చుకోవాలి కదా. అతనికి కోపం కూడా రాలేదు. అన్నిటికన్నా దాన్నే నేను క్షమించలేదు.

పల్లి అని కొట్టను. నిశ్చయించుకున్నాను. పైవాళ్ళ ఈమెయిలు సంపాదించి, వాళ్ళ తప్పేమిటో, వాళ్ళ చిరునామాలోనే వాళ్ళ తప్పు ఎట్లా రాసుందో వివరంగా పంపాను. జవాబు లేదు. మళ్ళీ పంపాను. పంచాయితీ మనిషిని కూడా పల్లి అని కొట్టవద్దని ఆపాను. "నీళ్ళు మన హక్కు, పేరు మన హక్కు, రెండూ కలిపే తీసుకుందాం" అన్నాను. అతను తల ఊపాడు. అతనికి మా అక్కలాగా బిందె మోసే పని లేదు.

గురువారం నేను భాయి దగ్గర మూడో ఈమెయిలు కొడుతుంటే అక్క వచ్చింది. అదే బిందె. దాన్ని కీబోర్డు పక్కన, బల్లమీద పెట్టింది. ఖాళీ బిందె చప్పుడుకు లోపలున్న కాలేజీ పిల్లలందరూ తిరిగి చూశారు.

"ఏమిరా, కొట్టొద్దని చెప్పినావంట?"

"అక్కా, అది మన పేరు. మనం వాళ్ళ పేరుతో అడిగితే రేపటినుంచి అదే మన పేరైపోతాది."

"కానీలే."

"కానీలే అంటే? ఎవరో వచ్చి నీ పేరు మారిస్తే ఊరుకుంటావా?"

"పెండ్లైనాక నన్ను అందరూ పిలిచేది ఫలానావాని పెండ్లాం అనే గదరా, నా పేరు ఎవడు అడిగినాడు?" అంది. "రేపు నా కొడుకు రాయి పట్టుకుంటాడు. నీ ఎత్వం పోయి ఆ రాయికి అడ్డం నిలబడతాదా?"

"రెండు రోజులు ఓపిక పట్టక్కా. వాళ్ళే దిద్దుతారు."

"ఊరి పేరు నా నోట్లో ఉండాది. నోరు ఎండిపోతే పేరు యాడుంటాది? ఆ గుడో గోపురమో పెట్టు. నీ ఎత్వం నీ ఇంట్లో దాచిపెట్టుకో."

"అవ్వ చెప్పిందే కరెక్టు పెద్దాయనా" అన్నాడు భాయి.

"నువ్వు నోర్ముయ్ భాయ్" అన్నాను.

పేజీ తెరిచాను. ఊరి పేరు కొట్టుకుంటూ వచ్చి ఆఖరి అక్షరం దగ్గర ఆగాను. అక్క నా వైపు చూడటం లేదు, తెర వైపు చూస్తోంది. ఆమెకు చదువు రాదు. అయినా నేను దొంగతనం చేస్తానేమోనని కాపలా కాస్తున్నట్టు చూసింది. ఎత్వానికి కొట్టాల్సిన మీట వదిలి గుడికి కొట్టాల్సిన మీట కొట్టాను. పచ్చ డబ్బాలు వచ్చాయి. చిరునామా పట్టీ ఈసారి పొట్టిగా ఉంది. రెండో గంప లేదు. అడిగినదే ఉన్నప్పుడు దగ్గరిది దేనికి?

"పచ్చగొచ్చినాయిరా!" అని అక్క బిందె చంకనెత్తుకుంది.

శుక్రవారం మొదటి బస్సుకే పోయాను. దారిలో రాళ్ళు ఉన్నాయి, కాని పక్కకు దొర్లించి ఉన్నాయి. పురం మలుపు దగ్గర అక్క కొడుకు, వాని బావమర్ది బీడీ కాలుస్తూ కూర్చున్నారు. ఊరి మొదట్లో ట్యాంకరు నిలిచి ఉంది. ఆడవాళ్ళు బిందెలతో చుట్టుముట్టారు. డ్రైవరు తలుపు మీద చెయ్యి పెట్టి, ఆఫీసులో ఇచ్చిన చీటీ చూసి, చివరి ముక్కను సాగదీస్తూ ఊరి పేరు చదివి, "ఇదేనా ఈ పల్లి?" అని అరిచాడు.

"పల్లి కాదప్పా, పల్లె!" అన్నారు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు.

డ్రైవరు చీటీ మళ్ళీ చూసి అనుమానంగా తలుపు వేయబోయాడు. గుంపు వెనకనుంచి మా అక్క గొంతు లేచింది.

"నోరు మూసుకోండే! బిందెలు నిండేదాకా పల్లి అనండి!"

"పల్లే... పల్లినే అన్నా, పల్లినే!" అని అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. నవ్వుకుంటూనే అన్నారు. పైపు విప్పాడు.

పైవాళ్ళ జవాబు ఈ రోజుకీ రాలేదు. ఆ పేజీ కూడా ఎప్పుడో ఎత్తేశారు. తర్వాత పెట్టిన ఊరి బోర్డు మీద మాత్రం ఆ గుడి అట్లే ఉంది. ట్యాంకరొచ్చిన ఆ పొద్దు అక్క తన బిందె నిండగానే మొదటి చెంబు నాకిచ్చింది. వద్దన్నాను. "తాగరా, పల్లె నీళ్ళే" అంది. తాగాను. దాహం తీరింది. ఇంకేదీ తీరలేదు.